బూజు పట్టిన తునకలు: ఏది చెక్కి తినొచ్చు, ఏది డబ్బా మొత్తం పారబోయాలి

మేడారం జాతర అయిన ఏడు, వానకాలంలో, ఒకే వారంలో నా ముందుకు రెండు బూజుల పంచాయితీ వచ్చింది. మొదటిది హైదరాబాద్ నుంచి తమ్ముడి ఫోను. "అక్కా, నెల రోజులు చల్లగ ఏజింగ్ చేసిన కూర తెచ్చిన. స్టేక్ ముక్కలు నేనే కోసుకుందామని తుంట పళంగనే తీసుకున్న. పైన తెల్లగ పిండి లెక్క బూజున్నది. పారేయాల్నా?" అన్నాడు. ఏజింగ్ అంటే మాంసాన్ని చల్లని గదిలో వారాల తరబడి ఆరనివ్వడం, స్టేక్ అంటే మందంగా కోసి పెనం మీద కాల్చే ముక్క. వాడి దగ్గరున్నది ఎముకతో ఉన్న పెద్ద కూర (గొడ్డు మాంసం) నడుము తుంట, మూడు కిలోల పైమాటే. రెండు రోజులకు ఇక్కడ హన్మకొండలో అమ్మ అటక మీది స్టీలు డబ్బా దించింది. అందులో మేడారం నుంచి వచ్చినంక ఎండబెట్టిన మాంసం ముక్కలు, అంటే ఒట్టి తునకలున్నాయి. మూత తీస్తే ముక్కల అంచులకు లేత ఆకుపచ్చ నూగు. "ఉప్పు నీళ్లల్ల కడిగి నూనెల గోలిస్తే ఏమైతది బిడ్డా" అంది.

తమ్ముడిని చెక్కి తినమన్నాను. అమ్మ డబ్బా మొత్తం పారబోయించాను. అమ్మకు రెండు రోజులు నా మీద కోపం పోలేదు. దేవతకిచ్చిన యాట కూర, ఎండల కావలి కాసి ఎండబెట్టినది, చెత్తలో వేయడమంటే ఎవరికైనా ప్రాణం ఒప్పదు. రెండూ మాంసమే, రెండింటి మీదా బూజే, మరి జవాబులు ఎందుకు వేరయ్యాయో అమ్మకు కూర్చోబెట్టి చెప్పాను. అదే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదట: అది నిజంగా బూజేనా?

ఎండు తునకల మీద తెల్లగా కనిపించేదంతా బూజు కాదు. ఉప్పు బాగా పట్టించిన ముక్క ఎండుతున్నప్పుడు లోపలి నీళ్లు బయటికొచ్చి ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం పైన మిగిలిపోతుంది. దగ్గరగా చూస్తే చిన్న చిన్న పలుకులు మెరుస్తాయి. దాని మీద ఒక నీటి చుక్క వేయండి. ఉప్పైతే కరిగి మాయమవుతుంది, బూజైతే తడిసి ముద్దగా అక్కడే ఉంటుంది. ఇంకోటి కొవ్వు. చలికాలంలో ముక్కల అంచున పేరుకుని మైనంలా తెల్లగా ఉంటుంది. వేడి చెంచా ఆనిస్తే కరుగుతుంది.

బూజుకు నూగు ఉంటుంది. వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే సన్నని పోగులు లేచి కనిపిస్తాయి, కొన్నిసార్లు పోగుల కొనలకు రంగు పొడి ఉంటుంది. ఆ పొడే దాని విత్తనం లాంటిది. అందుకే ముక్కును డబ్బాలో పెట్టి గట్టిగా పీల్చకండి. ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించాలి.

రెండోది: ఆ మాంసం ఇన్ని రోజులు ఎక్కడున్నదో అడగండి

చాలామంది మొదట బూజు రంగు అడుగుతారు. తెల్లదైతే మంచిది, నల్లదైతే చెడ్డది అనే మాట ఎక్కడో విని ఉంటారు. నేను ముందు అడిగేది మాంసం ఎంత చల్లగా ఉన్నది, ఎంత మందంగా ఉన్నది, ఎంత తేమతో ఉన్నది అని. ఈ మూడూ తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

తమ్ముడు తెచ్చినదాన్ని డ్రై ఏజింగ్ అంటారు. మాంసం తుంటను ముక్కలు చేయకుండా, ఎముకతో, పైన కొవ్వు పొరతో అట్లనే వేలాడదీస్తారు. లేదంటే జాలీ మీద పెడతారు. గది చల్లదనం 0 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది, గాలిలో తేమను సుమారు 75 నుంచి 85 శాతం దగ్గర ఆపుతారు, ఫ్యాను గాలి ఎడతెగకుండా తగులుతుంటుంది. రెండు వారాల నుంచి ఐదు వారాల దాకా అట్ల ఉంచుతారు, కొందరు ఇంకా ఎక్కువ రోజులు ఉంచుతారు. ఆ రోజుల్లో మాంసంలో సహజంగా ఉండే ఎంజైములు కండ పోగులను మెల్లగా విరగ్గొడతాయి, అందుకే మెత్తబడుతుంది. నీళ్లు తగ్గి రుచి చిక్కబడుతుంది. పైభాగం మాత్రం ఎండిపోయి నల్లటి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు మీద వచ్చే తెల్లని, కొంచెం బూడిద రంగు కలిసిన బూజులో ఎక్కువగా చెప్పుకునేది థామ్నీడియం. అది చలికి ఓర్చుకునే జాతి, మాంసం పైపైనే పెరుగుతుంది. ఆ పనిలో ఉన్నవాళ్లు దాన్ని చూసి కంగారుపడరు, కోసేటప్పుడు పెచ్చుతో పాటే తీసేస్తారు. అంటే స్టేక్ తినేవాళ్లు తినేది బూజును కాదు, బూజు చేరని లోపలి కండను. ఐరోపా ఆహార భద్రత సంస్థ 2023లో ఈ పద్ధతిని పరిశీలించి, 3 డిగ్రీలకు మించని చల్లదనంలో 35 రోజుల దాకా చేసిన మాంసం తాజా మాంసం కంటే ఎక్కువ ప్రమాదం కాదని చెప్పింది.

అమ్మ డబ్బా సంగతి వేరు. వానకాలంలో మన ఇళ్లలో వేడి 25 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటుంది, ముసురు పట్టిందంటే గోడలు కూడా చెమర్చుతాయి. సరిగ్గా ఆ వేడిలో సుఖంగా పెరిగేవి ఆస్పర్జిల్లస్ జాతి బూజులు. వాటిలో కొన్ని విషం తయారుచేస్తాయి. చల్లని గదిలో వాటికి చోటు దొరకదు, అటక మీది డబ్బాలో దొరుకుతుంది. పైగా తునక వేలెడు మందం కూడా ఉండదు. పైపొర చెక్కితే లోపల మిగిలేదేమీ లేదు, బూజు పోగు ఇటు పక్క దిగితే అటు పక్క తేలుతుంది.

ఇక మూడో రకం ఒకటుంది, అన్నిటికంటే ఎక్కువ మంది మోసపోయేది దీని దగ్గరే. మార్కెట్ నుంచి తెచ్చిన పచ్చి కూరను, లేదా కోసిన స్టేక్ ముక్కను, ఇంటి ఫ్రిజ్‌లో గిన్నెలో వారం పది రోజులు మర్చిపోతారు. బూజు కనిపిస్తే "ఇది కూడా ఏజింగే కదా" అనుకుంటారు. కాదు. ఇంటి ఫ్రిజ్ తలుపు రోజుకు పాతిక సార్లు తెరుస్తాం, పక్కనే కూరగాయలుంటాయి, గాలి ఆడదు, ముక్క తన నీళ్లలోనే నానుతుంటుంది. అది పాసిపోయిన మాంసం. వండిన కూర మీద బూజు వచ్చినా అంతే, పైది తీసి కిందిది వేడిచేసుకోవద్దు.

వాక్యూమ్ కవర్లో మూసిన మాంసం గురించి ఒక ముక్క. గాలి లేనిచోట బూజు పెరగదు. కాబట్టి కవరు లోపల బూజు కనిపించిందంటే ఎక్కడో చిల్లు పడిందన్నమాట, తినకండి. కవర్లో కూర ముదురు ఊదా రంగులో ఉండటం మాత్రం చెడు గుర్తు కాదు, గాలి తగలక అట్ల ఉంటుంది, కవరు విప్పి అరగంట ఉంచితే ఎరుపెక్కుతుంది.

మూడోది: పెద్ద తుంటైతే కన్ను, చెయ్యి, ముక్కు

ఇక్కడి నుంచి ఐదో మెట్టు దాకా చెప్పేది చల్లగా ఏజింగ్ చేసిన పెద్ద తుంటకు మాత్రమే. తునకలవాళ్లు నేరుగా ఆరో మెట్టుకు వెళ్లండి.

బూజు పొడిగా, పలచగా, తెల్లగానో లేత బూడిద రంగులోనో, పెచ్చు మీద దుమ్ములా ఉంటే ముందుకు పోవచ్చు. ఆకుపచ్చ, నలుపు, పసుపు, గులాబీ, నారింజ రంగుల మచ్చలుంటే వద్దు. నల్ల చుక్క ఒక్కటే ఉంటే అంతమేర కోసేసుకుంటామనే వాళ్లున్నారు. నేనైతే ఇంట్లో ఆ సాహసం చేయను, ఎందుకంటే రంగును బట్టి విషం ఉన్నదో లేదో కంటితో ఎవరూ తేల్చలేరు. తెల్లగా ఉన్నంత మాత్రాన మంచిదని కూడా కాదు. చాలా బూజులు లేతగా ఉన్నప్పుడు తెల్లగానే ఉండి తర్వాత రంగు తిరుగుతాయి. అందుకే రంగు కంటే ముందు చల్లదనం అడిగాను.

వేలితో నొక్కితే పెచ్చు గట్టిగా, పొడిగా తగలాలి. జిగటగా ఉండి వేలు లాగితే సాగితే అది బ్యాక్టీరియా పని, బూజు లేకపోయినా పారేయాల్సిందే. వాసన దూరం నుంచే చేత్తో మెల్లగా విసిరి చూడండి. బాగా ఏజింగ్ అయిన మాంసానికి వేయించిన పల్లీల వాసనో పాత నెయ్యి, చీజ్ లాంటి ఘాటో ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసన, పుల్లటి వాసన, అమ్మోనియా ఘాటు, మూసిన గదిలో ముక్కిపోయిన బియ్యం వాసన ఉంటే ఆ తుంట చెడిందన్నమాట. ముక్కు బాగుందన్నంత మాత్రాన నమ్మకూడదు, ఎందుకంటే సాల్మొనెల్లా, లిస్టీరియా లాంటి జబ్బు తెచ్చే బ్యాక్టీరియా వాసన లేకుండానే ఉంటాయి. చెడు వాసన వస్తే మాత్రం ఇంకో మాటే లేదు.

నాలుగోది: కరెంటు లెక్క

దీన్ని విడిగా చెప్పడానికి కారణం, మనకు వేసవి గాలిదుమారానికి, వానకాలం ఉరుములకు కరెంటు పోవడం అలవాటే. మూసిన ఫ్రిజ్ తలుపు తెరవకపోతే సుమారు 4 గంటలు చల్లదనం నిలుపుతుంది. అంతకు మించి పోయి, లోపల 4 డిగ్రీలు దాటి రెండు గంటలకు పైగా ఉంటే, ఎంత ఖరీదు పెట్టి తెచ్చిన తుంటైనా సరే, చెక్కి తినొచ్చన్న నమ్మకం పోయినట్టే. ఫ్రిజ్‌లో పెట్టే చిన్న థర్మామీటరు కొనిపెట్టుకోండి. తమ్ముడితో మొదట కొనిపించింది అదే.

ఐదోది: చెక్కే పద్ధతి

తుంటను కడగొద్దు. నీళ్లు పోస్తే బూజు పొడి సింకు నిండా చిందుతుంది, మంచి కండ మీదికీ పారుతుంది. చల్లగా ఉన్నప్పుడే తీయండి, గట్టిగా ఉంటే కత్తి మాట వింటుంది. ముందు పలక మీద పాత పేపరు కాదు, శుభ్రమైన కవరు పరవండి. పదునైన సన్న కత్తితో పెచ్చును, దాని కింద రంగు మారిన భాగాన్ని కలిపి, సుమారు సెంటీమీటరు మందం చెక్కండి. ఎర్రని కండ, తెల్లని కొవ్వు తేటగా కనిపించేదాకా ఆపొద్దు. ఎముక అంటుకున్న చోట, కండల మధ్య సందుల్లో, పగుళ్లలో బూజు లోపలికి దాక్కుంటుంది. అక్కడ ఉదారంగా కోయండి. పగులు వెంట కత్తి పోయినకొద్దీ బూజు కనిపిస్తూనే ఉంటే ఆ వైపు మొత్తం వదిలేయండి.

పెచ్చంతా తీశాక కత్తి, పలక, చేతులు సబ్బుతో కడిగి, వేరే పలక మీద స్టేక్ ముక్కలు కోయండి. పెచ్చును తీసిన కత్తితోనే లోపలి కండ కోస్తే ఇంతసేపు పడ్డ కష్టం వృథా. తుంట బరువులో మూడో వంతు దాకా పెచ్చుకు పోవచ్చు, దానికి మనసు కష్టపెట్టుకోవద్దు. కొందరు ఆ పెచ్చును రసానికి మరిగిస్తారని వినే ఉంటారు, ఇంట్లో మాత్రం వద్దు. ముక్కలను అదే రోజు వండండి. లోపల 63 డిగ్రీలకు చేరాక పొయ్యి మీది నుంచి దించి 3 నిమిషాలు కదపకుండా ఉంచండి. ఖీమా కొట్టిస్తే 71 డిగ్రీలు కావాలి, ఎందుకంటే పైన ఉన్నది లోపలికి కలిసిపోతుంది.

గర్భిణులకు, పసిపిల్లలకు, ముసలివాళ్లకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లకు ఇట్ల చెక్కిన మాంసం పెట్టకండి. వాళ్లకు పొద్దున కోసిన తాజా కూర తెచ్చి వండండి.

ఆరోది: ఒట్టి తునకలైతే ఎందుకు పారబోయాలి

ఇప్పుడు అమ్మ అడిగిన ప్రశ్నకు వస్తాను. కడిగి, నూనెలో గోలిస్తే బూజు చావదా? చస్తుంది. అది విడిచిన విషం చావదు. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే పసుపు కలిసిన ఆకుపచ్చ బూజు అఫ్లటాక్సిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. ఆ పేరే బూజు పేరు నుంచి పుట్టింది. అది విరిగిపోవాలంటే 230 డిగ్రీలు దాటిన వేడి కావాలి. ప్రెషర్ కుక్కర్ లోపల మహా అయితే 120 డిగ్రీలు, కాగే నూనె 180. ఎండకు పెడితే పోతుందన్నది కూడా పెట్టుకోదగ్గ నమ్మకం కాదు. పైన నూగు ఎండి రాలిపోతుంది, ముక్కలోకి దిగిన విషం దిగినట్టే ఉంటుంది. వెనిగర్, నిమ్మరసం, పసుపు, ఏవీ దాన్ని తీసేయవు.

మన దగ్గర ఇది కొత్త కథ కాదు. మిర్చి రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు: కల్లంలో ఎండుతున్న కాయ మీద వాన పడి బూజు పట్టిందంటే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తీసుకుపోయినా ధర పలకదు. మిర్చిలో, పల్లీల్లో, మక్కల్లో అందరూ భయపడేది ఈ అఫ్లటాక్సిన్‌కే. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మక్కలు తిని వందమందికి పైగా కాలేయం దెబ్బతిని చనిపోయారు. దాన్ని పరిశీలించి ప్రపంచానికి చెప్పింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. మక్కల మీద పెరిగే ఆ బూజే వెచ్చని ఇంట్లో సరిగ్గా ఎండని మాంసం మీద కూడా పెరగగలదు. ఒక తునక తింటే మనిషి ఆ పూటే పడిపోడు. అది కొంచెం కొంచెం చేరి కాలేయాన్ని తినే రకం, అందుకే "మేము చిన్నప్పటినుంచి తింటున్నం, ఏం గాలేదు" అనే మాట దీనికి సాక్ష్యంగా పనికిరాదు.

ఒక్క ముక్కకే కనిపించింది కదా, మిగతావి బాగున్నాయి కదా అంటారా? ఒకే డబ్బాలో ఉన్నవాటన్నిటికీ ఒకే తేమ. ఒకటి కనబడేంత పెరిగిందంటే మిగతావాటి మీద కనబడకుండా మొదలైందనే లెక్క. విడివిడి ప్యాకెట్లలో కట్టి ఉంటే మాత్రం ఒక్కోటి విప్పి చూడండి.

పారేసేటప్పుడు కవర్లో మూట కట్టి పారేయండి. కోళ్లకు వేయొద్దు, కుక్కకు వేయొద్దు. అఫ్లటాక్సిన్ గురించి లోకానికి తెలిసిందే కోళ్ల జాతి వల్ల: 1960లో ఇంగ్లండ్‌లో బూజు పట్టిన పల్లి చెక్క కలిపిన దాణా తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. స్టీలు డబ్బాను వేడి నీళ్లు, సబ్బుతో తోమి, మూత రబ్బరు ఊడదీసి కడిగి, రోజంతా ఎండలో బోర్లించాలి. గుడ్డ సంచి, గీతలు పడ్డ ప్లాస్టిక్ డబ్బా ఉంచుకోవద్దు.

ఏడోది: తిన్నాక తెలిస్తే

ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒకటి రెండు ముక్కలతో చాలాసార్లు ఏమీ కాదు. బలవంతంగా వాంతి చేసుకోవద్దు. సరిగ్గా ఎండని మాంసంలో బూజు కంటే ముందు స్టెఫైలోకాకస్ లాంటి బ్యాక్టీరియా చేరి ఉండొచ్చు. దాని విషంతో అరగంట నుంచి ఎనిమిది గంటల లోపు వాంతులు మొదలవుతాయి. ఓఆర్ఎస్ కలుపుకుని గుక్క గుక్కగా తాగించండి. జ్వరం, విరేచనంలో రక్తం, మూత్రం తగ్గడం, కళ్లు పచ్చబడటం ఉంటే, లేదా తిన్నది పసిపిల్లో గర్భిణో అయితే, ఆగకుండా ఆసుపత్రికి పొండి.

ఎనిమిదోది: ఈసారి పట్టకుండా ఎండబెట్టడం

బూజు పట్టిందంటే తప్పు డబ్బాలో జరగలేదు, దండెం మీద జరిగింది. ముక్క లోపల తేమ మిగిలింది.

కొవ్వు లేని కండ తీసుకోండి. కొవ్వు ఎండదు, ముక్కిపోయిన వాసన వస్తుంది. పెన్సిలు మందానికి మించకుండా పొడుగ్గా కోయించండి. కిలో కూరకు 40 నుంచి 50 గ్రాముల ఉప్పు, చెంచా పసుపు పట్టించి మూడు నాలుగు గంటలు చల్లని చోట, వీలైతే ఫ్రిజ్‌లో ఉంచండి. ఇక్కడ నేను పాత పద్ధతికి ఒక పని కలిపాను. ఎండబెట్టే ముందు ముక్కలను ఉప్పు, పసుపు వేసి మరుగుతున్న నీళ్లలో వేసి, లోపల 71 డిగ్రీలు తగిలేదాకా ఉంచి వడగడతాను. పచ్చి ముక్క ఎండుతూ ఎండుతూ గట్టిపడితే, దానిలోని సాల్మొనెల్లా చావకుండా నిద్రపోయి మిగిలే వీలుంది. రుచి కొంచెం మారుతుంది, అమ్మ ఒప్పుకోవడానికి రెండు సార్లు వండి పెట్టాల్సి వచ్చింది.

దారానికి గుచ్చి ముక్కకు ముక్క తగలకుండా దండెం కట్టండి, ఈగలు వాలకుండా పల్చని నైలాన్ తెర కప్పండి. మాఘమాసంలో పగటి ఎండ పొడిగా ఉంటుంది గానీ రాత్రి మంచు కురుస్తుంది. పొద్దుగూకక ముందే లోపలికి తేవాలి. మబ్బు పట్టిందని రెండో రోజు ఆపేసి మూడో రోజు మళ్లీ పెట్టడం పనికిరాదు. అట్లాంటప్పుడు ఓవెన్‌లోనో ఎలక్ట్రిక్ డ్రైయర్‌లోనో పూర్తిచేయండి.

ఎండిందో లేదో చేత్తో కాదు, త్రాసుతో చూడండి. ఉప్పుతో కలిపి కిలో కూర 350 గ్రాముల లోపుకు దిగాలి. ముక్క వంచితే మెలిక తిరగకూడదు, టక్కున విరగాలి. విరిగిన చోట లోపల ఎర్రగా, మెత్తగా కనిపిస్తే ఇంకో రోజు ఎండ కావాలి. ఆఖరి పరీక్ష గాజు సీసాది: చల్లారిన తునకలను పొడి సీసాలో బిగించి ఒక రోజు ఉంచండి. గాజు లోపల మసక పట్టినా, ఒక్క చెమట చుక్క కనిపించినా లోపల నీళ్లున్నట్టే, తీసి మళ్లీ ఎండబెట్టాలి.

ఆ తర్వాత వానకాలం మొదలయ్యేదాకా సీసాలో ఉంచొచ్చు. మృగశిర కార్తె రాగానే అమ్మ ఇప్పుడు తునకలను ఒక పూట వంటకు సరిపడా చిన్న ప్యాకెట్లు కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెడుతోంది. చింతచిగురు వేసి వండే రోజున ఒక్క ప్యాకెట్ తీస్తుంది, వేడి నీళ్లలో నానబెట్టే ముందు వెలుతురుకు పట్టి చూస్తుంది, నూగు లేదని చూసుకున్నాకే కుండలో వేస్తుంది.